మెల్చోర్ ఒత్తి

పోటీ కోసం నేను చేయాల్సిన పనులు ఇవి. దూదిని ఉడకబెట్టి నీడలో ఆరబెట్టడం. తీగ చుట్టే కడ్డీ, చిన్న దువ్వెన, కత్తెర సంచిలో సర్దుకోవడం. పొద్దుటి ప్రార్థనకే చర్చికి వెళ్లి రావడం. స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజని అమ్మకు అబద్ధం చెప్పడం. నేను వేప్ తాగుతానన్న సంగతి స్కూల్లో ఎవరి చెవినా పడకుండా చూసుకోవడం. గార్డో పక్క బల్లే నాకు దొరికేలా అందరికంటే ముందు వెళ్లడం. ఆఖరిది, మైకులో గార్డో నోట మా అన్న పేరు పలికించడం.

మాది మరికినా. చెప్పులు కుట్టే ఊరు. మా అన్న మెల్చోర్‌ని నేను కుయా అనేదాన్ని. ఇక్కడ పెద్దన్నను అలాగే పిలుస్తాం. కుయా బూట్ల కార్ఖానాలో తోలు అంచులు చెక్కేవాడు. రెండు తోళ్లు కలిపి కుట్టే చోట లావు తేలకుండా అంచును వాలుగా పలచన చేయడం అతని పని. ఆ జీతంతోనే నేను డిగ్రీ చదివాను. మా ఇంట్లో అంతవరకు పై చదువు చదివిన వాళ్లు లేరు. నేను టీచరునయ్యే సమయానికి కార్ఖానా మూతపడింది. సిగరెట్ మానడానికి కుయా, పొగకు బదులు ఆవిరి పీల్చే వేప్ పట్టాడు. ఆ తర్వాత మార్కెట్ పక్కన గార్డో నడిపే వేప్ దుకాణంలో పనికి కుదిరాడు.

వేప్ యంత్రం పెద్ద విద్యేమీ కాదు. బ్యాటరీ మీద బొటనవేలంత గిన్నె. గిన్నెలో చుట్ట చుట్టిన తీగ. చుట్టలోంచి దూర్చిన దూది ఒత్తి. ఒత్తి గిన్నెలో పోసిన నికోటిన్ రసాన్ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, ఆవిరి వస్తుంది. ఒత్తి లావైతే రసం పైకి ఎక్కక దూది కాలి గొంతు మండుతుంది. పలచనైతే వేడి రసం పెదవి మీద చిందుతుంది. దుకాణంలో తయారుగా దొరికే ఒక తీగ చుట్ట ధర పెడితే నెలకు సరిపడా దూది వస్తుంది. అయినా జనం చేసుకునేది పొదుపు కోసం మాత్రమే కాదు. తన చేత్తో పెట్టిన ఒత్తి మొదటి పీల్పులో శుభ్రంగా పలికితే, అన్నం సరిగ్గా ఉడికినప్పుడు వంట చేసిన వాళ్ల ముఖంలో కనిపించే వెలుగే వీళ్ల ముఖంలోనూ కనిపిస్తుంది.

కుయా ఒత్తి కొసలను కత్తెరతో కోసేవాడు కాదు. తోలు అంచు చెక్కినట్టే దువ్వెనతో కొద్దికొద్దిగా దూది లాగేస్తూ వాలుగా పలచన చేసేవాడు. చాలామంది అతని చేతి ఒత్తి కోసమే వచ్చేవాళ్లు.

ఒకరోజు కుయా భోజనానికి వెళ్లినప్పుడు గార్డో తనే ఒక కుర్రాడికి ఒత్తి వేశాడు. వేడి రసం చిమ్మి ఆ కుర్రాడి పెదవి బొబ్బలెక్కింది. గార్డో ఆ తప్పును కుయా మీదికి తోసి పనిలోంచి తీసేశాడు. "మెల్చోర్‌కి చెయ్యి వణుకుతోంది. వాడు చేసింది నోట్లో పెట్టుకోకండి" అని ఊరంతా చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ కుయాకి పని ఇవ్వలేదు. మూత్రపిండాల జబ్బుతో అతను పోయినప్పుడు, మా ఆచారం ప్రకారం శవపేటికను ఇంట్లో ఉంచి, వచ్చేవాళ్ల కోసం కాఫీ, బిస్కెట్లు సిద్ధం చేశాం. వేప్ వాళ్లు ఒక్కరూ రాలేదు. అమ్మ వాళ్ల కోసమని విడిగా కప్పులు కడిగి పెట్టింది. ఆ కప్పులు అలాగే బోర్లించి ఉండిపోయాయి.

ఆ తర్వాత జరిగిన వేప్ ఒత్తుల పోటీలో గార్డో కుయా ఒత్తితోనే గెలిచాడు. దానికి 'గార్డో కోత' అని పేరు పెట్టుకున్నాడు.

అప్పుడు నేను కుయా దువ్వెన చేతిలోకి తీసుకున్నాను. అంతవరకు నేను పొగ ఎరగను. కానీ ఒత్తి మంచీ చెడూ చెప్పేది నాలుకే. కాబట్టి పీల్చాను. కాలిన దూది పీల్చాను, చిందే రసం మింగాను, దగ్గాను, మళ్లీ వేశాను. చేయి కుదిరేసరికి ఏడాది గడిచింది. అప్పటికి నాకు అది లేకుండా పొద్దు గడవడం లేదు. పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో మరుగుదొడ్డికి పరిగెత్తే టీచరునయ్యాను.

పోటీకి కొన్ని వారాల ముందు గార్డో దుకాణంలోనే రసం సీసా కొంటూ, అతనికి వినపడేలా కౌంటర్ అమ్మాయితో అన్నాను, "కుయా పోయేముందు నాకో కొత్త ఒత్తి నేర్పాడమ్మా. బయట ఎవరికీ చూపించలేదు. ఈసారి అదే వేస్తా."

గార్డో తల ఎత్తలేదు. కానీ చిల్లర లెక్కపెడుతున్న అతని చేయి ఆగింది.

పోటీ బాస్కెట్‌బాల్ కోర్టులో జరిగింది. అందరికీ ఒకే రకం గిన్నె, ఒకే రసం. గంట సమయం. ముగించినవాళ్లు బల్ల మీది గంట కొట్టాలి. కొట్టాక ఇక ముట్టుకోకూడదు. గార్డో ప్రతిసారీ అందరికంటే ముందు కొడతాడు. ఆ గొప్ప అతనికి ఇష్టం. నా పథకమంతా ఆ అలవాటు మీదే నిలబడి ఉంది.

"ఏం టీచరమ్మా, పిల్లల పేపర్లు దిద్దడం అయిపోయిందా?" అన్నాడు పక్క బల్ల నుంచి.

"అయిపోయింది బాస్. ఈరోజు పెద్దవాళ్లవి దిద్దుదామని వచ్చా."

నవ్వాడు. తీగ చుట్టడంలో అతను నాకంటే మేలు, ఒప్పుకుంటాను. నా చుట్ట ఒక పక్కకు వంగింది. తీగ పని ముగించి దూది తీశాను. మామూలుగా పట్టేదానికి రెట్టింపు పట్టాను. కొసలు పలచన చేయకుండా కుక్కి కుక్కి పెట్టాను.

గార్డో చేతులు నెమ్మదించాయి. "అంత లావా?"

"కుయా అలాగే వేసేవాడు."

"కాలి చావదూ?"

"కాలితే నా గొంతే కదా బాస్, మీకేంటి?"

రసం నిండా పోసి ఒక్క పీల్పు పీల్చి, కళ్లు మూసుకున్నాను. అలాంటి ఒత్తి మొదటి పీల్పుకు బాగానే ఉంటుంది. పైన తడి ఉంటుంది కదా. మూడో పీల్పుకు బండారం బయటపడుతుంది. పదేళ్లుగా దుకాణం నడిపేవాడికి ఈ మాత్రం తెలియదా? తెలుసు. కానీ అతనికి పేరొచ్చిందంతా మెల్చోర్ చేతి వల్లే. అందుకే తన నాలుక కంటే ఆ చేతినే ఎక్కువ నమ్మాడు. తన ఒత్తి పీకేశాడు. నాలాగే లావుగా కుక్కాడు. ఒక్కసారి పీల్చి, తల ఊపి, గంట కొట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు. నేను నా ఒత్తి పీకి పారేశాను.

ఉడకబెట్టిన దూది తీసి, దువ్వి, చుట్టలోంచి లాగాను. దువ్వెనతో కొసలు వాలుగా పలచన చేసి గిన్నె అడుగుకు ఆనించాను. గార్డో చూస్తున్నాడు. అతనికి మెల్లగా అర్థమవుతోందని ముఖంలోనే తెలుస్తోంది. "ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"నా దూది, నా ఇష్టం. మీరు గంట కొట్టేశారు కదా బాస్."

రుచి చూసేది పెద్దాయన బెర్తింగ్. ఊళ్లో అందరూ గౌరవంగా మాంగ్ బెర్తింగ్ అంటారు. ఆయన ఆపకుండా వరసగా పీలుస్తాడు. గార్డో గిన్నె మొదట తీసుకున్నాడు. ఒకటి, రెండు. మూడో దానికి మెడ నరాలు లేచేలా దగ్గాడు. నీళ్లు తాగి మైకు దగ్గరికి జరిగాడు.

"ఏంట్రా గార్డో, దిండు కాల్చి పెట్టావా నాకు?"

కోర్టంతా నవ్వింది. గార్డో ముఖం ఎర్రబడింది. మైకు లాక్కున్నాడు. "ఇది నా పద్ధతి కాదు మాంగ్ బెర్తింగ్. మెల్చోర్‌ది. ఈవిడ వాడి చెల్లెలు. వాడు ఇలాగే వేసేవాడని తనే చెప్పింది. వాడి చేతి సంగతి నేనెప్పుడో చెప్పలా మీకు?"

పేరైతే పలికాడు. కానీ దాని మీద మళ్లీ మసి పూశాడు. అబద్ధం ఆడింది నేను. ఆడింది కుయా పేరు మీద. నా గిన్నె సరిగ్గా పలకకపోతే, ఈ మసి నేనే అతని చేతికిచ్చినట్టు.

"సరే, ఈ అమ్మాయిది చూద్దాం" అన్నాడు మాంగ్ బెర్తింగ్.

ఒకటి పీల్చాడు. రెండు. మూడు. ఆగలేదు. ఆవిరి వదులుతూ కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ పీల్చాడు. మూత తీసి ఒత్తి కొసలను చాలాసేపు చూశాడు.

"ఇదిరా మెల్చోర్ చేయి" అన్నాడు. "వాడు బతికుండగా నాకు వేసిచ్చేవాడు. తోలు చెక్కినట్టు చెక్కుతాడు." గార్డో వైపు తిరిగాడు. "మరి పోయినేడు నువ్వు గార్డో కోత అని తెచ్చింది ఎవరిది? దానికీ కొసలు ఇట్లాగే ఉండె కదా."

గార్డో మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ వాలు కొసలు మెల్చోర్‌వైతే, పోయినేడు గెలిచిందీ వాడి చేతి పనే. కాలింది మాత్రం వాడిదెట్లా అవుతుంది? నువ్వే చెప్పు, మైకు నీ చేతిలోనే ఉంది."

వెనక నుంచి ఎవరో, "పెదవి కాలిన కుర్రాడికి వేసిందెవరో కూడా చెప్పు గార్డో" అన్నారు. ఆ మాట అన్నవాళ్లకు నిజం మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసీ మా ఇంటికి రాలేదు. వాళ్ల మీద కూడా నా కోపం ఇంకా పోలేదు.

గార్డో మైకు బల్ల మీద పెట్టేసి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. కొంతకాలానికి అతని దుకాణం బోర్డు మీద గార్డో కోత అన్న అక్షరాలకు రంగు పూసేశారని విన్నాను. నేనే వెళ్లి చూసొచ్చాను. రెండుసార్లు వెళ్లాను.

గెలిచింది పక్క ఊరు కైంతా నుంచి వచ్చిన ఎవరో. చుట్ట వంకర అని నాకు మార్కులు తగ్గాయి, న్యాయమే. గార్డో మీద జాలిపడాల్సిందని కొందరు అన్నారు. నాకు జాలి కలగలేదు. అతను తల వంచుకుని కోర్టు దాటుతుంటే ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. అందుకు నేను చెల్లించింది మాత్రం ఇంకా చెల్లిస్తూనే ఉన్నాను. రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టాను. అమ్మకు తెలిసిపోయింది. నేను పీల్చినప్పుడల్లా కిటికీ తెరుస్తుంది.

మీలో ఎవరూ దీని జోలికి వెళ్లాలని నేను కోరను. వెళ్లినవాళ్లు ఉంటే, ఒత్తి కొసలను వాలుగా దువ్వి పలచన చేసే పద్ధతి ఎవరైనా చూపించి అది తమదే అంటే, వాళ్లకు ఒక పేరు చెప్పండి. మెల్చోర్ దిమాందాల్, మరికినా, బూట్ల కార్ఖానా పనివాడు. అతని చెయ్యి ఎప్పుడూ వణకలేదు. దయచేసి అతన్ని గుర్తుంచుకోండి.