ఓబుళమ్మ డబ్బాలోని తెల్లపొడి

నేను ఒక ఎంజైమును. పచ్చి బొప్పాయి పాలలో పుట్టాను. అమైనో ఆమ్లాలనే పూసలను వరసగా గుచ్చి, ఆ దండను ముడుచుకునేలా చుడితే అదే నేను. మాంసంలో ఉన్నదీ అవే పూసల దండలు. వాటిని తెంపడం నా పని. సొంతవాళ్లనే తెంపుతావా అని అడగవచ్చు. కాయకు బ్లేడుతో గాట్లు పెట్టి నన్ను బయటికి లాగినవాళ్లను మాత్రం ఎందుకు కోశారని ఎవరూ అడగలేదు.

నంద్యాల దగ్గరి తోటలో ఆ గాట్లు పెట్టింది ఓబుళమ్మ. పాలు తగిలి ఆమె వేళ్ల తోలు ఊడిపోయేది. ఆ పాలు ఎండితే వచ్చే తెల్లపొడిలో చిటికెడు ఇంటికి తెచ్చేది. ఆమె భర్త మద్దిలేటి వంటమేస్త్రి. ముదురు మాంసం మెత్తబడాలంటే ఆ చిటికెడు చాలు.

మద్దిలేటి, శేషన్న కలిసి పెళ్లిళ్లకు వండేవారు. ఒకచోట శేషన్న సరిగా ఆనించని పొయ్యిరాయి జారి, మరుగుతున్న కూర డేగిసా మద్దిలేటి చేతి మీద ఒరిగింది. తప్పు తన మీదికి వస్తుందని శేషన్న, "తాగొచ్చి మీద పోసుకున్యాడు" అని ఊరంతా చాటాడు. మద్దిలేటి పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టలేదు. చెయ్యి వంకరపోయింది. పిలిచేవాళ్లు లేక మంచం పట్టాడు. శేషన్న పెద్దమేస్త్రి అయ్యాడు.

ఓబుళమ్మ ఏడవలేదు. చిటికెడు చిటికెడుగా నన్ను ఒక డబ్బాలో నింపుకుంది. డబ్బా నిండాక శేషన్న ఇంటికి వెళ్లింది.

"ఇల్లు గడిచేది కష్టంగుందన్నా. మసాలా నూరే పనన్నా ఇయ్యి."

"రామ్మా. మద్దిలేటి మావోడే గదా," అన్నాడు శేషన్న జాలిగా ముఖం పెట్టి.

ఆమె వెళ్లి రోలు ముందు కూర్చుంది.

రైస్‌మిల్లు కొండారెడ్డి ఇంట్లో పెళ్లి వచ్చింది. శేషన్న చేతికి అంత పెద్ద వంట ఎన్నడూ రాలేదు. పొద్దున్నే పెరుగు, మసాలా పట్టించిన మాంసంలో ఓబుళమ్మ డబ్బా మొత్తం బోర్లించి, మోచేతుల దాకా ముంచి కలిపింది. నేను దొరికిన దండనల్లా తెంపుకుంటూ పోయాను. పొయ్యి మీద వేడెక్కేకొద్దీ నా జోరు పెరిగింది. బాగా మరిగాక నా ముడుతలన్నీ విడిపోయి చేతకానిదాన్నయ్యాను. అప్పటికి పనైపోయింది.

పంక్తిలో గరిటె ముంచితే ముక్క లేదు. బూడిదరంగు గుజ్జు, బోడి ఎముకలు. కొండారెడ్డి శేషన్న చొక్కా పట్టుకున్నాడు.

"తాగొచ్చి వండినావేమిరా?"

"నేను తాగల్యా రెడ్డీ! నా బిడ్డల మీదొట్టు!"

ఎవరూ నమ్మలేదు. పందిరి వెనక గిన్నెలు తోముతున్న ఓబుళమ్మ దగ్గరికి శేషన్న వచ్చాడు. అంచున తెల్లపొడి అంటిన ఖాళీ డబ్బా చూశాడు.

"నువ్వేనా?"

"నేనే. పోయి రెడ్డికి చెప్పుకో. కాదనను. అయితే నేనెందుకు చేసినానో గూడా చెప్పాల."

తాను తాగలేదని తేలాలంటే, శేషన్న మద్దిలేటి తాగలేదని నలుగురిలో ఒప్పుకోవాలి. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, వెనకదారిన వెళ్లిపోయాడు. తాగుబోతన్న పేరే నయమనుకున్నాడు.

ఆ గుజ్జును పందులకు పోయబోతుంటే ఓబుళమ్మ ఒక గిన్నె ఆపుకుని తిన్నది. చేదుగా ఉంది. అయినా మిగల్చలేదు.

ఇంటికి వెళ్లి చెబితే మద్దిలేటి సంతోషించలేదు.

"పెండ్లికొచ్చినోళ్లు పస్తు పోయినారేమే?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అతని చేతికి నూనె రాస్తూ కూర్చుంది.

ఆమె కడుపులోని ఎంజైములు నన్నూ తెంపాయి. పూసపూసగా విడిపోయాను. ఆ అమైనో ఆమ్లాలతో ఆమె ఒళ్లు తనకు కావలసింది అల్లుకుంది. ఇప్పుడు నేను ఆమె చేతి కండలో ఉన్నాను. బజారులో శేషన్న ఎదురైతే ఆమె పిడికిలి బిగుస్తుంది. నేనూ బిగుస్తాను.