అయిదో సూది

కనకరత్నం కత్తెరను వేడినీళ్ళలోంచి తీసి గుడ్డ మీద పెట్టింది. తొమ్మిదిన్నరకు డాక్టరు కాంతారావు వస్తారు. ఆలోగా బల్ల తుడవాలి, దూది ఉండలు చుట్టాలి, ఫ్రిజ్‌లో ఐసు ఉందో లేదో చూడాలి. సూది వేసే ముందు మచ్చ మీద ఐసు పెడితే నొప్పి కొంత తగ్గుతుంది. బందరు కోనేరు సెంటరు వెనక సందులో ఉన్న ఆ చర్మవ్యాధుల క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఉంది. పద్నాలుగో ఏట చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు కడిగే ఆసిడ్ ఆ చేతి మీద ఒలికింది. పెళ్ళిలో తలంబ్రాలు పోసేటప్పుడు ఆ చేతిని కొంగు కింద ఉంచమని అత్తగారు చెప్పింది. భర్త పోయి ఇరవయ్యేళ్ళయింది. ఇప్పుడు పొట్టి చేతుల జాకెట్టే వేసుకుంటుంది. లేజరు చేయిస్తాను, హైదరాబాదు వెళ్ళమని కాంతారావు ఒకసారి అన్నారు.

"వద్దండీ. ఇది పోతే మా చెల్లెలు నన్ను గుర్తుపట్టదండీ" అంది.

పది గంటలకు సరోజ గిలకలదిండి నుంచి ఆటోలో వచ్చింది. హార్బరులో వేలంపాటలో చేపలు కొని, ఇసుకలో ఎండబెట్టి అమ్ముతుంది. మూడేళ్ళ కిందట ఐసు గడ్డ లాగే కొక్కెం జారి దవడ కింద చీరింది. కుట్లు వేశారు. గాయం మానింది గాని మచ్చ ఆగలేదు. ఉబ్బి, గాయం లేని చోటికి కూడా పాకి, బొటనవేలంత అయింది. అప్పటి నుంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పాటలో నిలబడుతోంది. ఆమె చెప్పే రేటు వేలం వేసేవాడికి వినపడదు. చేపలు పక్కవాళ్ళు పట్టుకుపోతారు. కొంగు తీసి పాడాలని ఆమె నెలకోసారి సూది వేయించుకుంటోంది. ఇది నాలుగోది.

"ఇదే ఆఖరు పిన్నీ. ఇంక నా వల్ల కాదు. బెజవాడలో కోసి పారేస్తారంట. ఒక్క రోజులో అయిపోద్ది."

"కోస్తే పోద్ది. ఆర్నెల్లు తిరక్కుండా వాళ్ళన్నని వెంటబెట్టుకుని వస్తది" అంది కనకరత్నం.

కాంతారావు మొదటి రోజే చెప్పారు. ఇలాంటి మచ్చను ఊరికే కోస్తే ఇంకా పెద్దదై తిరిగి రావచ్చు. మచ్చలోకి సూదిమందు, పైన అంటించుకునే సిలికాన్ షీటు, ఎండ తగలకుండా గుడ్డ, ఇవన్నీ కలిపితే అణుగుతుంది. మొత్తం మాయం కాదు.

"షీటేదమ్మాయ్?"

సరోజ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. షీటు అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. అంటుకునే వైపంతా ఇసుక.

"రోజూ కడిగి ఆరబెట్టమన్నారుగా. కడిగాను."

"ఎక్కడ ఆరేశావ్?"

"ఇసుకలో, నెత్తళ్ళ చేపల పక్కన. ఏదన్నా మేం అక్కడే కదా ఆరేసేది. కాకులు ఎత్తుకుపోకుండా పైన వల కూడా కప్పా."

కనకరత్నం నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. "వల కప్పావా! ఉప్పు కూడా రాశావేంటే?"

"నవ్వమాక పిన్నీ" అని సరోజ కూడా నవ్వింది. కొంగు జారిన సంగతి చూసుకోలేదు.

కనకరత్నం మచ్చ కొలతకు కొత్త షీటు ముక్క కత్తిరించి ఇచ్చింది. నీడలో, కంచం మీద ఆరబెట్టాలని రెండుసార్లు చెప్పింది. తర్వాత మచ్చ మీద ఐసు పెట్టి, తన ఎడమ చెయ్యి చాపింది.

"పట్టుకో. ఎంత గట్టిగా నొక్కుతావో నొక్కు."

కాంతారావు వచ్చి సూది వేశారు. సరోజ గోళ్ళు కాలిన మచ్చలోకి దిగాయి. డాక్టరు సూది తీశాక చూసుకుని, "అయ్యో, నొప్పి లేదా పిన్నీ?" అంది.

"అక్కడ నాకేం తెలీదమ్మాయ్. నలభై నాలుగేళ్ళయింది. అందుకే ఎవరికైనా ఆ చెయ్యే ఇస్తా. వచ్చే నెల ఇదే రోజు, గుర్తుందా?"

"చూద్దాంలే."

మధ్యాహ్నం గుడివాడ నుంచి ఒక కాలేజీ అమ్మాయి మొటిమల గుంటలు చూపించుకోవడానికి వచ్చింది. కనకరత్నం ఆమె ముఖం కడిగి, మందు పూసినంతసేపూ విసనకర్రతో విసిరింది. అన్నం మూడింటికి తిన్నది. ఆరున్నరకు గదులు ఊడ్చి చిలకలపూడి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున టీ పెట్టుకుంటూ గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. అవనిగడ్డ నుంచి చెల్లెలు వచ్చింది. క్లినిక్ ఒకరోజు మూశారు.

నెల తిరిగాక సరోజ వచ్చింది. గుమ్మంలోంచే, "పిన్నీ, నిన్న పాటలో రెండు బుట్టలు నావే. కొంగు తీసే పాడా" అంటూ లోపలికి నడిచింది. గదిలో ఎవరూ లేరు. కాంతారావు వచ్చి విషయం చెప్పారు.

ఆమె బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, "సూది వెయ్యండి డాక్టరుగారూ" అంది. ఐసు తనే పెట్టుకుంది. సూది దిగుతున్నప్పుడు బల్ల అంచు పట్టుకుంది.

కాంతారావు షీటు కోసం కనకరత్నం సొరుగు తెరిచారు. పైనే ఒక మందుల కవరు ఉంది. దాని మీద పెన్సిలుతో "సరోజకి, అయిదో సూదికి" అని రాసి ఉంది. లోపల, వెనక కాగితం ఇంకా ఒలవని షీటు ముక్క, మూలలు గుండ్రంగా కత్తిరించినది, కిందటి నెల ఇచ్చినదానికంటే గోరంత చిన్నది.