నీలం గౌను లోపలి కుట్లు

మా ప్రార్థన మందిరంలో నాకు సంతోషం తాతయ్య అని పేరు పెట్టారు. భార్య పోయి ఏడాది తిరగలేదు, ఈ మనిషి ఇంత హాయిగా ఎలా ఉన్నాడా అని మొదట ముక్కున వేలేసుకున్నారు. తర్వాత మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరింట్లో ఎవరు దిగులుగా కూర్చున్నా నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. ఒకాయన తన భార్య పోయిన వారానికే వచ్చి నా కుట్టుమిషను పక్కన కూర్చుని, "మీ రహస్యం ఏంటండీ?" అన్నాడు. పొద్దున్నే లేవండి, దేవుడికి దణ్ణం పెట్టుకోండి, మనవలతో కాసేపు గడపండి అన్నాను. ఆయన బుద్ధిగా తల ఊపి వెళ్ళాడు. పాపం, అమాయకుడు.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. పొద్దున్నే కిటికీలోంచి మిషను మీద ఎండ పడుతుంది, ఆ ఎండలో కూర్చుని నూనె చుక్కలు వేస్తుంటే నిజంగానే ప్రాణం లేచొస్తుంది. దణ్ణం పెట్టుకుంటే ఒళ్ళు తేలికవుతుంది. ఇక మనవరాలంటారా, దానికి తొమ్మిదేళ్ళు. చిన్నప్పుడొకసారి బొత్తాం మింగి మా అందర్నీ ఆస్పత్రి చుట్టూ తిప్పింది కాబట్టి దాని పేరు బొత్తాం అని ఖాయమైపోయింది. బడినుంచి రాగానే సంచి ఒక మూల, బూట్లు ఒక మూల విసిరి నా పక్కన స్టూలు మీద చేరుతుంది. పాత బట్టల కుట్లు విప్పే పని దానిది. బ్లేడు ఇవ్వను, చిన్న మొనలున్న కత్తెర ఇస్తాను. ఒక్కో పోగూ తెంపి లాగుతూ బళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో పూస గుచ్చినట్టు చెబుతుంది.

నలభై మూడేళ్ళు దర్జీ పని చేసినవాణ్ణి. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. కూతురు పోస్టాఫీసులో కౌంటరు చూస్తుంది. అల్లుడు లారీ తోలతాడు, వారంలో రెండు రోజులు కనిపిస్తే గొప్ప. కూతురి కాపురమంతా మొదట్నుంచీ మాతోనే.

నా పనిలో రెండు అలవాట్లున్నాయి, వాటి సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. బట్ట వదులైందని ఎవరైనా తెస్తే నేను పాత కుట్టు విప్పను. దానికి లోపలివైపు ఇంకో కుట్టు వేస్తాను. రేపు మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే ఆ కొత్త కుట్టు ఒక్కటీ తెంపితే చాలు, బట్ట మొదటి కొలతకు వచ్చేస్తుంది. రెండో అలవాటు, ఇలాంటి కుట్లకు దారం మార్చను. అప్పుడు మిషను మీద ఏ రంగు దారం ఉంటే దానితోనే లాగించేస్తాను. లోపలి కుట్టును ఎవరు చూడొచ్చారు?

మా ఆవిడకు నీలం గౌనొకటి ఉండేది. నేనే కుట్టాను, నీలం దారంతో, శ్రద్ధగా. ప్రార్థనకు వెళ్ళే రోజు అదే వేసుకునేది. ఒక మధ్యాహ్నం వచ్చి, "ఏమండీ, ఇది వదులైంది, కాస్త బిగించండి" అంది. దర్జీకి ఆ మాట చెవిన పడితే మనిషి కనపడదు, బట్టే కనపడుతుంది. టేపు పెట్టాను, అరంగుళం లోపలికి కుట్టాను. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఇప్పుడు అతికినట్టుంది" అంది. నాకెంత గర్వమేసిందో. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ బిగించాను. మూడోసారి టేపు తీసి చూస్తే నా చేతులకు విషయం అర్థమైంది. నోటికి మాత్రం రాలేదు. వయసు మీద పడితే ఎవరైనా తగ్గుతారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నాలుగోసారికి తను అడగలేదు. తను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే గౌను తీసుకొచ్చి నా అంతట నేనే బిగించి మళ్ళీ కొక్కేనికి తగిలించాను. అయిదోసారీ అంతే. పైకి అంటే నిజమైపోతుందని భయం. అంత పిరికివాణ్ణి నేను.

చివరికి తను కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షలు చేసి, ముఖం అదోలా పెట్టి అడిగింది, "ఎప్పట్నుంచి బరువు తగ్గుతున్నారు?" అని. నేను గోడకున్న గడియారం వంక చూశాను. మా అమ్మాయే అంది, "తగ్గలేదండీ, అమ్మ బట్టలన్నీ ఒంటికి సరిగ్గానే ఉన్నాయి." డాక్టరమ్మ నావైపు తిరిగింది. "అవునండీ, నాకేం తేడా కనపడలేదు" అన్నాను. ఆరునెలల ముందు తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం అంది ఆవిడ. నెల తిరక్కుండా మా ఆవిడ వెళ్ళిపోయింది.

నేను చేసిన తప్పు అంతటితో అయిపోతే బాగుండేది. పోయిన మర్నాటినుంచీ మా అమ్మాయి ఒకటే మాట పట్టుకుంది. "ఒకే ఇంట్లో ఉంటూ రోజూ చూస్తున్న మనిషిని, కళ్ళుండి గమనించుకోలేకపోయాను నాన్నా. నేనేం కూతుర్ని?" అని. ప్రార్థనకు రావడం మానేసింది. తల్లి ఫొటో వైపు చూడదు. అది కూర్చుని కుమిలిపోతుంటే నేను వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. చేతిలో రుమాలు పెట్టేవాణ్ణి. "నీ తప్పేం లేదమ్మా, అంతా దేవుడి ఇష్టం" అనేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా నేను నోరు మూసుకుని, నా భారం కూడా ఆయన నెత్తినే పెట్టాను. కొన్నాళ్ళకు అది ఏడవడం తగ్గించింది, నాకు మళ్ళీ ఆకలి వేయడం మొదలైంది. బొత్తాం నవ్వించేది, నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వుకే మందిరంలో పేరొచ్చింది.

ఏడాది పూర్తవడానికి వారం ఉందనగా రెండు విషయాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. మందిరం పెద్దాయన వచ్చి, ఏడాది పూర్తయ్యే ఆదివారం ప్రార్థన తర్వాత నాలుగు మాటలు మాట్లాడాలి, దుఃఖంలోంచి సంతోషంలోకి ఎలా వచ్చారో చెప్పాలి అన్నాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, అమ్మాయి బీరువాలోంచి నీలం గౌను తీసుకొచ్చి మిషను మీద పెట్టింది.

"నేనూ వస్తాను నాన్నా. అమ్మ గౌను వేసుకుని వస్తాను. నా కొలతకు వదులు చేసిపెట్టు."

ఏడాదిగా నేను దేవుణ్ణి అడుగుతున్నది అదే, మా అమ్మాయి మళ్ళీ మందిరం మెట్లెక్కాలని. ఆయన ఇచ్చాడు, ఇలా ఇచ్చాడు. "చూద్దాంలే, పని ఉంది" అన్నాను.

"ఏం పని? వారంనుంచీ దిండు గలీబులే కుడుతున్నావు" అంది నవ్వుతూ. దాని నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

మూడు రోజులు తప్పించుకున్నాను. సూది విరిగిందన్నాను. కళ్ళు మసకగా ఉన్నాయన్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అయిదు కుట్లూ విప్పేసి పోగులు పారేస్తే సరిపోయేది. అంత తెలివి లేక కాదు, రెండుసార్లు కత్తెర పట్టుకుని కూర్చున్నాను కూడా. చేయి ఆడలేదు. తన కోసం నేను చివరిసారిగా చేసిన పని అదే కదా. గౌను మడతపెట్టి చెక్కపెట్టె అడుగున పెట్టేశాను.

నాలుగో రోజు సాయంత్రం నేను గుండీలు కొనడానికి బజారుకు వెళ్ళి వచ్చేసరికి, బొత్తాం స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నీలం గౌను, తిరగేసి. పక్కన మా అమ్మాయి, ఆఫీసునుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచి ఇంకా తీయలేదు.

"తాతయ్యా, నీకు కళ్ళు కనపట్లేదన్నావుగా, నేనే విప్పుదామని తీశా" అంది బొత్తాం. "కానీ ఇందులో ఇన్ని కుట్లేంటి? ఒకటి విప్పితే ఇంకోటి ఉంది. అయిదున్నాయి. ఇదిగో ఈ ఆకుపచ్చది నా స్కర్టు దారమే."

మా అమ్మాయి గౌను తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. దర్జీ కూతురు. పుట్టినప్పట్నుంచీ నా దారపు ముక్కలతోనే ఆడుకుంది. ఏ ఆర్డరు ఏ నెలలో వస్తుందో నాకంటే దానికే బాగా గుర్తు. వేలితో ఒక్కో వరసా తడుముతూ వచ్చింది.

"ఆకుపచ్చ, బడి బట్టలది. బళ్ళు తెరిచే ముందు. తెల్లది నర్సుల కోట్లకి. ఎరుపు బ్యాండు వాళ్ళది. ఖాకీ. నలుపు." వేలు మళ్ళీ ఆకుపచ్చ మీదికి తెచ్చింది. "బళ్ళు తెరిచే ముందే తెలుసా నాన్నా నీకు? మనం ఆస్పత్రికి వెళ్ళింది దీని ఏడాది చివరి పరీక్షలప్పుడు."

"మొదటిది వేసినప్పుడు తెలియదమ్మా."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"ఎరుపు దగ్గర" అన్నాను.

అది వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే ఎంత బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

"అమ్మ సంగతి చెప్పకపోవడం వేరు నాన్నా" అంది. "భయపడ్డావు, అర్థం చేసుకోగలను. కానీ ఏడాదిగా నేను నాదే తప్పని ఏడుస్తుంటే, పక్కన కూర్చుని నాకు రుమాలిచ్చావు చూడు. అది మాత్రం నాకు అర్థం కావట్లేదు."

బొత్తాం బిక్కమొహం వేసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నేనేమైనా పాడుచేశానా?" అంది. "లేదమ్మా, నువ్వు బాగా విప్పావు" అంది వాళ్ళమ్మ, గౌను మడతపెట్టి లోపలికి తీసుకెళ్ళిపోతూ.

ఆ ఆదివారం నేనొక్కణ్ణే మందిరానికి వెళ్ళాను. పిలవగానే లేచి నిలబడ్డాను. రాసుకున్న కాగితం జేబులోనే ఉంచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అయిదు కుట్లూ, డాక్టరమ్మ ప్రశ్నా, రుమాలూ, ఏదీ దాచలేదు. చీదరించుకుంటారనుకున్నాను. పెద్దాయన కళ్ళు తుడుచుకుని లేచి నన్ను కౌగిలించుకున్నాడు. ఎంత నిష్కల్మషమైన మనిషి అన్నారు. దేవుడు ఎప్పుడో క్షమించేశాడు, మనసు తేలిక చేసుకో అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడి తరఫున మాట ఇవ్వడానికి వీళ్ళెవరు? ఆయన సంగతి ఆయనా నేనూ చూసుకుంటాం. క్షమించాల్సిన మనిషి ఆ బెంచీల మీద లేదు, ఇంట్లో కూరగాయలు తరుగుతోంది. బయటికొస్తుంటే భార్య పోయిన ఆ అమాయకుడు చేతులు పట్టుకుని, మీ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉందండీ అన్నాడు.

ఇంట్లో మాటలు లేకుండా లేవు. అన్నం తిను, మందు వేసుకో, తలుపు గడియ పెట్టు. అంతే. నాన్నా అన్న పిలుపు మాత్రం పోయింది. బొత్తాం ఇప్పటికీ నా పక్కన కూర్చుంటుంది కానీ, కుట్లు విప్పమంటే ముందు వాళ్ళమ్మ వైపు చూస్తుంది. ఎండ అదే, నూనె అదే. దణ్ణం పెట్టుకుంటే మాత్రం ఒళ్ళు తేలికవడం లేదు.

ఇలా నలభై రోజులు గడిచాయి. ఒక పొద్దున స్నానం చేసి చొక్కా తొడుక్కుంటే భుజం జారింది. మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ. నడుం దగ్గర గుడ్డ చేతినిండా వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చొక్కా విప్పి, తిరగేసి, మిషను ముందు కూర్చున్నాను. సూదికి బూడిదరంగు దారం ఎక్కించి ఉంది. పాదం కింద గుడ్డ పెట్టి చక్రం మీద చేయి వేశాను. పక్క కుట్టుకు లోపల అప్పటికే ఒక వరస ఉంది, పసుపు దారంతో. ఎప్పుడు వేశానో నాకే గుర్తులేదు.

చొక్కా తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా అమ్మాయి బొత్తాం బడికి తీసుకెళ్ళే డబ్బాలో మధ్యాహ్నం తిండి సర్దుతోంది. గుమ్మంలో నిలబడ్డాను, బనీనుతో, ముసలి చేతులు వేలాడేసుకుని.

"అమ్మాయ్, నా చొక్కా వదులైంది" అన్నాను.

దాని చేతిలో డబ్బా మూత ఆగింది. తల ఎత్తి నా ముఖం చూసింది, తర్వాత నా ఒళ్ళు, తర్వాత చొక్కా. వచ్చి చొక్కా అందుకుని తిరగేసి, పసుపు కుట్టును వేలితో తడిమింది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే అడుగుతుందని నాకు ముందే తెలుసు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

గోడకున్న గడియారం వైపు చూడలేదు. పసుపు దారం ఏ నెలదో గుర్తు చేసుకుని, రోజులతో సహా లెక్కపెట్టి చెప్పాను.