తమ్ముడి చూపు తగ్గాలని ఎదురుచూసిన మూడు వారాలు

మందుల షాపు నాది. చీటీ లేనిదే మందివ్వనని ముక్కు మీద కోపంతో ఎంతమందిని తిప్పి పంపానో! సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆ నియమం గాలికి పోయింది.

వాడు రంగుల కొట్లో రంగులు కలుపుతాడు. కుడికంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తోందన్నాడు. నరం వాచి ఉంటుందని నేనే తేల్చేసి స్టెరాయిడ్ మాత్రలిచ్చాను. వారంలో చూపు తేటపడింది. నా అంతటిది లేదని మురిసిపోయాను. మాత్రలు తగ్గిస్తే మసక, పెంచితే వెలుగు. అలా రెండు నెలలు నెట్టుకొచ్చి, ఆ కన్ను పూర్తిగా పోయాక ఆస్పత్రికి పరిగెత్తాం.

స్కాన్‌లో కంటి నరం లావెక్కి కనిపించింది. డాక్టరమ్మ ఆ నరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఏమీ తేలలేదు. ఈలోగా ఎడమకంట్లోనూ మసక మొదలైంది. ముందు ఏమైనా మందులు వాడావా అని ఆమె రెండోసారి అడిగింది. తమ్ముడు మళ్ళీ లేదన్నాడు. నా లైసెన్సు పోతుందని వాడి బెంగ. నాకు కుర్చీలో ముళ్ళున్నట్టయింది.

"నేనే ఇచ్చానండీ. ముక్క తీసే ముందు రోజు కూడా ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాను."

ఆమె కోప్పడలేదు. అదే ఇంకా భరించలేకపోయాను. ఇది లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ కావచ్చనీ, స్టెరాయిడ్ పడితే ఆ కణాలు కరిగిపోయి పరీక్షకు చిక్కవనీ చెప్పింది. మాత్రలు మెల్లగా ఆపి, అది మళ్ళీ తలెత్తి చూపు ఇంకా తగ్గేదాకా ఆగి, అప్పుడు ఇంకో ముక్క తీయాలట.

మూడు వారాలు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున్నే ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి వాడి చేత మందు పెట్టె మీది అక్షరాలు చదివించేదాన్ని. బాగా చదివితే గుండె జారేది. తమ్ముడి చూపు తగ్గాలని కోరుకున్న అక్కని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇరవయ్యో రోజున వాడు తడబడ్డాడు. ఏడుస్తూనే డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

ఈసారి తీసిన ముక్కలో లింఫోమా బయటపడింది. కీమో మొదలైంది. నాలుగో విడతకి ఎడమకన్ను నిలదొక్కుకుంది. కుడికన్ను ఇక రాదన్నారు.

ఆ సాయంత్రం వాడి మంచానికి కుడివైపు స్టూలు వేసుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తూ కూర్చున్నాను. వాడు ఎడమచేత్తో మంచం అంచు తట్టాడు.

"అక్కా, ఇటు వచ్చి కూర్చో. అటుంటే నాకు కనపడవు."