తవుడుకిచ్చిన బిడ్డ

గిడ్డమ్మకు కవలలు పుట్టినప్పుడు ఊరంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఇద్దరూ ఒకే అచ్చు! అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయిన కడుపాయె, ఆమె భయం ఆమెది. పెద్దదానికి ఉరుకుందలో వెలసిన దేవుడి పేరు కలిపి ఉరుకుందమ్మ అని పెట్టుకుంది. చిన్నదాన్ని ఎంగిలి పుల్లాకుల మీద దొర్లించి, మంత్రసాని రాహేలమ్మకు చేటెడు తవుడుకు అమ్మింది. అట్లా అమ్మితే, ఈ బిడ్డకు విలువ లేదనుకొని చావు పక్క దారి పడుతుందట. రాహేలమ్మ ఆ బిడ్డకు పుల్లమ్మ అని పేరు పెట్టి, "మా యేసయ్యకు తెలిస్తే నన్ను కొడతాడే గిడ్డీ" అని నవ్వుతూ తిరిగి తల్లి ఒడిలోనే పడుకోబెట్టింది. తవుడేమో గిడ్డమ్మ పాడి ఎనుము తినేసింది. ఆ బేరం సంగతి అందరూ మరిచిపోయారు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, పిల్లలకు పన్నెండేళ్ళప్పుడు, పొయ్యిలోకి పత్తికట్టె ఎగదోస్తుంటే ఉరుకుందమ్మ పావడా అంటుకుంది. వీపూ కాళ్ళూ కాలిపోయాయి. కర్నూల్లో ఆసుపత్రిలో చేర్చి నెలయినా పుండ్లు మానలేదు. పిల్ల చిక్కి శల్యమైంది.

ఒకనాడు డాక్టరు గిడ్డమ్మను పిలిచాడు. "ఒకరి చర్మం ఇంకొకరికి అతకదమ్మా. ఒకే అచ్చుగా పుట్టిన కవలలకైతే అతుకుతుంది. చిన్నపిల్ల తొడల మీద నుంచి పల్చగా తీసి దీనికి వేస్తాం. ఆ పిల్లకు నొప్పి ఉంటుంది, మచ్చలు పోవు. నీ వేలిముద్ర ఒక్కటే చాలదు. ఆ పిల్లకు చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకురా."

"దాన్ని అడిగేదేముంది సామీ? ఇందుకేనేమో దేవుడు ఇద్దర్నిచ్చినాడు."

"ఒకరి కోసం ఒకరు పుట్టరమ్మా. అడుగు."

గిడ్డమ్మ అడగలేదు. అడిగితే రానంటే? రానంటే పెద్దది చచ్చిపోదూ? తల్లి కదా, పాపం, ఆమెను తిట్టబుద్ధి కాదు. తిట్టకుండా ఉండబుద్ధీ కాదు. "అక్క నిన్ను చూడల్లంటాంది" అని బొరుగులూ బెల్లమూ చేతిలో పెట్టి పుల్లమ్మను బస్సెక్కించింది. తోడుకు రాహేలమ్మ వచ్చింది.

"చెప్పినా సామీ, సరే అనింది" అంది గిడ్డమ్మ డాక్టరుతో. ఆయన పిల్ల మొహంలోకి చూశాడు. పెద్దవాళ్ళ ముందు నోరు మెదపని పిల్ల, తల ఊపింది. ఎందుకు ఊపిందో దానికే తెలియదు.

చర్మం అతికింది. ఉరుకుందమ్మ బతికింది. మత్తు దిగి పుల్లమ్మ, "నా కాళ్ళకేమైందమ్మా?" అని ఏడిస్తే, "ఏం కాలేదులే, అక్క గండం గడిచింది" అని గిడ్డమ్మ పెద్దదాని మంచం దగ్గరికే పరుగెత్తింది. చిన్నదాని దగ్గర కూర్చొని, ఎప్పటిదో తవుడు బేరం ముచ్చట చెప్పి నొప్పి మరిపించింది రాహేలమ్మే. కట్టు విప్పేటప్పుడు గుడ్డ పచ్చి పుండుకు అతుక్కొని ఊడివస్తుంటే, ఆ పిల్ల ఓర్చుకోలేక రాహేలమ్మ చెయ్యి కొరికేది. రాహేలమ్మ చెయ్యి వెనక్కు తీసుకోలేదు.

ఊరికొచ్చాక, చూడవచ్చిన వాళ్ళందరికీ గిడ్డమ్మ ఒకటే చెప్పేది. "దేవుడు ముందే ఎరిగి రెండోదాన్నిచ్చినాడు. అది ఉండబట్టి గదా ఇది బతికింది!" లోపల జొన్నలు విసురుతూ పుల్లమ్మ ఆ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఒకరోజు తిరగలి ఆపి అడిగింది.

"మళ్ళా అక్కకేమన్నా అయితే, మళ్ళా నన్నే కోస్తారామ్మా?"

"కోస్తే కోస్తారు. అక్క గదే!"

ఆ సాయంత్రమే పుల్లమ్మ కుంటుకుంటూ ఊరి చివర రాహేలమ్మ ఇంటికి పోయింది. "నన్ను కొన్నావంట గదవ్వా. నీకాడనే ఉంటా" అంది. అక్కడే సంగటి తినింది. కులం ఏమైపోతుందని ఊరు నోరు నొక్కుకుంది. ఎవరెన్ని చెప్పినా ఆ పిల్ల కదల్లేదు.

గిడ్డమ్మ రెండు రోజులు తిట్టింది. మూడోనాడు ఇంట్లో రెండో చాప ఖాళీగా కనబడింది. చేటెడు తవుడు నెత్తిన పెట్టుకొని పోయి రాహేలమ్మ ముందు దించింది.

"నీ తవుడు నువ్వు తీసుకోక్కా. నా బిడ్డను నాకియ్యి."

రాహేలమ్మ లోపలికి చూసింది. పుల్లమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఆ పొద్దు నేను సరే అన్నానని డాక్టరుకు చెప్పినావు. ఈ పొద్దు అవ్వనడుగుతాండావు. నన్నెప్పుడు అడుగుతావమ్మా?"

పన్నెండేళ్ళలో గిడ్డమ్మ ఆ పిల్లను ఏదీ అడిగి ఎరగదు. చెయ్యి పట్టి లాక్కుపోదామని రెండడుగులు ముందుకు వేసింది. పావడా అంచు కింద పిల్ల వణుకుతున్న కాళ్ళు చూసి ఆగిపోయింది. మొదటిసారి అడిగింది.

"ఇంటికొస్తావా తల్లీ?"

పుల్లమ్మ తల్లి మొహం చూసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రాను" అంది.

గిడ్డమ్మ తవుడు చేట ఎత్తుకొని ఇంటికి మళ్ళింది.