జంగయ్య వేసిన ఆకాశం

ఫిలింనగర్‌లో అప్పటికింకా ఇళ్ళకంటే బండలే ఎక్కువ. బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి కింద మేకలు, వాటిని అదిలించుకుంటూ అప్పుడప్పుడూ ఒక షూటింగు వ్యాను. ఆ దారి మలుపులో అమ్మాజీ గారి ఇల్లు. ఇంటి ముందు, సరిగ్గా గేటుకు ఎదురుగా, ఒక రాతి గది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు తడవకుండా వేసిన గది అది. పనైపోయాక మేస్త్రీ పడగొడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. గుడివాడ హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. గోడలకు సున్నం వేయించి, మేకులు కొట్టించి, గేటుకు ‘బొమ్మల గది’ అని తన చేత్తోనే బోర్డు రాసి తగిలించుకున్నారు.

ఆ గదికి ఒకటే నియమం. అక్కడికి నడిచి రాగలిగినంత దూరంలో ఉండేవాళ్ళ పనే అక్కడ పెడతారు. రాళ్ళు కొట్టే పోచయ్య మిగిలిన ముక్కతో చెక్కిన నంది, కృష్ణానగర్‌లో కిరాయికుండే డాన్సరమ్మాయి పెన్సిలుతో వేసుకున్న తోటి డాన్సర్ల పాదాలు, ప్లాస్టరు పనివాళ్ళు పోత పోసిన మొహాలు ఆ గదిలోనే జనం చూశారు. ఆదివారం సాయంత్రం మధురానగర్ నుంచీ శ్రీనగర్ కాలనీ నుంచీ నలుగురు వచ్చేవారు. వచ్చినవాళ్ళకు అమ్మాజీ గారు టీ ఇచ్చి, చేసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టి పేరు పేరునా పరిచయం చేసేవారు.

“టీచరమ్మా, అందరి పని వెట్టిండ్రు. ఆకాశం జంగయ్యను అడగలే?” అన్నాడొకరోజు పోచయ్య.

“ఆకాశమేంటి పోచయ్యా?”

“గదే, స్టుడియోల ఆకాశం ఏస్తడు. పొద్దుగాల్లదా, మాపటిదా, వానదా, ఏది కావాల్నంటే అది.”

పోచయ్యే వాచ్‌మన్‌తో మాట్లాడి ఆవిణ్ణి స్టూడియో ఫ్లోరు లోపలికి తీసుకెళ్ళాడు. పెద్ద గోడ. దాని కింద జంగయ్య ఒక్కడే. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చెవుల మీద కూడా నీలం రంగు. వెదురు కర్రకు కుంచె కట్టి, ఊడుస్తున్నట్టు, విదిలిస్తున్నట్టు, గోడతో ఏదో గొడవ పడుతున్నట్టు వేస్తున్నాడు. లైట్లు వెలిగాక కెమెరా పక్కన నిలబడి చూస్తే ఆ గోడ లేదు! వాన వెలిసిన సాయంత్రం ఉంది, అంతే. అన్నేళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పిన అమ్మాజీ గారు చీర కొంగు పట్టుకుని నిలబడిపోయారు.

షాటు అయిపోయింది. జంగయ్య సున్నం బకెట్టు తెచ్చుకుని ఆ సాయంత్రాన్ని ఒక చివర నుంచి తెల్లగా తుడిచెయ్యడం మొదలుపెట్టాడు.

“అయ్యో, అయ్యో! అదేంటండీ!” అన్నారు అమ్మాజీ గారు, చెప్పులు గుమ్మం బయట విడిచిన సంగతి కూడా మరిచిపోయి ముందుకు పరుగెత్తి.

జంగయ్య నవ్వాడు. “రేపు ఇంకో పిక్చరోళ్ళకు తెల్లారే ఆకాశం కావాలె, టీచరమ్మా. మా దాంట్ల ఏసినోడే తుడవాలె. పరాయోని చెయ్యి పడనియ్యం.”

“నా గదిలో ఒక గోడ మొత్తం మీకిస్తాను. అక్కడ ఎవరూ తుడవరు. వస్తారా?”

జంగయ్య కుంచె బకెట్లో పెట్టాడు. తరవాత, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి, “మా రాజమ్మకు చూపియ్యొచ్చునా?” అన్నాడు.

రాజమ్మ అతని భార్య. కృష్ణానగర్ సందులో సాయంత్రాలు జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పెళ్ళైనప్పటి నుంచీ మొగుడి పని ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. స్టూడియో గేటు దగ్గరే ఆపేస్తారు. సినిమాకు తీసుకెళ్తే అక్కడా అదే కథ. “ఏది నీ పని?” అని అడిగేదట. “గదే, హీరోయిన్ వెనకాల” అనేవాడట. రాజమ్మ కుర్చీలో అటు వంగి, ఇటు వంగి, ఆ హీరోయిన్ జరిగితే కదా, “నీ బతుకంత ఆమె జడ వెనకాల్నే పోయిందిరా అయ్యా” అని నవ్వేదట. అది చెబుతున్నప్పుడు జంగయ్యా నవ్వాడు. కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదని అమ్మాజీ గారు గమనించారు. ఈ గోడ ఆ రాజమ్మ కోసమేనని ఆవిడ ఆ రోజే మనసులో అనుకున్నారు.

షూటింగు లేని రోజుల్లో వచ్చి వేశాడు. గదిలో మిగతా బొమ్మలన్నీ తీయించేశారు. గేటుకు ఎదురుగా ఉన్న గోడ మొత్తం అతనికే. రెండు విదిలింపులు వెయ్యడం, కుంచె కింద పెట్టి గబగబా గేటు దాటి రోడ్డు మీదికి పోవడం, కాసేపటికి తిరిగి రావడం. రోజంతా ఇదే వరస. ‘ఇన్ని బీడీలు కాలిస్తే ఊపిరితిత్తులేమవుతాయి ఈ మనిషికి’ అని అమ్మాజీ గారు వంటింట్లోంచి చూసి బాధపడేవారు. అనలేదు. గోడను దగ్గరగా చూసి కూడా ఏమీ అనలేదు. నీలం మీద బూడిద మచ్చ, దాని పక్కన పసుపు చార, ఎక్కడో ఎర్రటి చుక్కలు. ఇంకా పూర్తవలేదు కదా అని సర్దిచెప్పుకున్నారు. పూర్తయ్యాకా అలాగే ఉంది.

ఆదివారం సాయంత్రం జనం వచ్చారు. జంగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజమ్మకు ఆదివారాలే బేరం ఎక్కువ. అందుకే ఆమెను రేపు పొద్దున్నే తీసుకొస్తానన్నాడు. చిన్న గది కదా, వచ్చినవాళ్ళు గోడకు జానెడు దూరంలో నిలబడి చూశారు. చూసి, తలాడించి, టీ గ్లాసులు పట్టుకుని పోచయ్య నంది ఎటు పోయిందని అడిగారు. మధురానగర్ నుంచి వచ్చిన లక్ష్మీకాంతమ్మ గారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని గోడంతా చూసి, చాలా ఆపేక్షగా, “అమ్మాజీ గారూ, పునాదిలోంచి చెమ్మ ఎక్కుతోందండీ. మా ఇంట్లోనూ ఇలాగే మచ్చలు కట్టింది. ఇప్పుడే మేస్త్రీకి చెప్పండి” అన్నారు.

గుమ్మం పక్కన జంగయ్య విన్నాడు.

అందరూ వెళ్ళాక అతను గోడ వంక చూడలేదు. “టీచరమ్మా, రేపు పొద్దుగాల వచ్చి సున్నం ఏస్త. షాటైపోయిందనుకుందాం.”

“మరి రాజమ్మ గారు?”

“తుడిచేసిన అని చెప్త. ఆమెకు అలవాటే గద, కనవడకపోవుడు.”

కాదనడానికి అమ్మాజీ గారికి నోరు రాలేదు. తనకూ ఆ గోడ మీద ఆకాశం కనపడలేదు మరి. కనపడిందని చెప్పి ఆ పెద్దమనిషిని మభ్యపెట్టడం చేతకాలేదు. స్టూడియోలో చూసిన సాయంత్రం తన గదిలోకి వచ్చేసరికి ఎందుకు చచ్చిపోయిందో అంతుపట్టక ఆవిడ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

తెల్లవారి అమ్మాజీ గారు పాలపాకెట్లు పట్టుకుని ఇంటికి వస్తున్నారు. గాలి ఆడాలని గది తలుపులు బార్లా తీసి వెళ్ళారు. గేటు దగ్గర గొళ్ళెం మీద చెయ్యి వేసి, తల ఎత్తారు.

తలుపు చట్రంలో వాన వెలిసిన ఆకాశం ఉంది. చెమ్మ అనుకున్న బూడిద మచ్చ, నీళ్ళు కుమ్మరించి తేలికపడ్డ మబ్బు. పసుపు చార, దాని అంచున జారుతున్న ఎండ. ఎర్రటి చుక్కలు ఎక్కడివక్కడే కలిసిపోయి, కాసేపట్లో పొద్దుగుంకుతుందన్నట్టు వెచ్చగా ఉంది. ఆవిడ నాలుగడుగులు లోపలికి వేశారు. ఆకాశం విడిపోయి మళ్ళీ మచ్చలైంది. వెనక్కి నడిచారు. కూడుకుంది. పాలపాకెట్లు చేతిలో ఉన్నాయని మరిచి, చిన్నపిల్లలా ముందుకీ వెనక్కీ నడిచారు. గేటు దాటి పరుగెత్తే జంగయ్య అప్పుడు గుర్తొచ్చాడు.

అప్పుడే దిగువ నుంచి వాళ్ళిద్దరూ వస్తున్నారు. జంగయ్య చేతిలో కుంచె. సున్నం బకెట్టు రాజమ్మ చేతిలో.

“తుడిచేసిన అన్నడు, టీచరమ్మా! ఇంట్ల బకెట్ల సున్నం కలుపుకుంట తుడిచేసిన అంటడు! తుడిస్తే నా ముందట తుడువమన్న” అంటూ వచ్చింది రాజమ్మ.

“జంగయ్య గారూ,” అన్నారు అమ్మాజీ గారు, “మీరు గేటు దాటి వెళ్ళేది బీడీకి కాదా?”

“బీడీయా?” అంది రాజమ్మ. “ఆయనకు పొగ వాసనే పడదు.”

“ఇక్కణ్ణించి చూసుకోడానికి వెళ్ళేవారు! మరి నిన్న అందరూ గోడకు ముక్కులు ఆనించి చూస్తుంటే, ఇక్కడ నిలబడి చూడమని చెప్పొద్దూ?”

జంగయ్య నిజంగానే తెల్లబోయాడు. “నేనెట్ల చెప్త? యాడ నిలవడి చూడాల్నో చెప్పేది కెమెరామెను. ఇన్నేండ్ల సంది నేను ఒక్కల్లకు చెప్పలే. ఈ గదికి మీరే గద కెమెరామెను! మీరు గోడ దగ్గర నిలవెట్టిండ్రు, మీకు ఎరుకే అనుకున్న.”

అమ్మాజీ గారికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. రాజమ్మ భుజం పట్టుకుని గేటుకు ఎదురుగా తిప్పి నిలబెట్టారు.

రాజమ్మ చూసింది. జంగయ్య ఆకాశం వైపు చూడలేదు, ఆమె మొహం వైపే చూస్తున్నాడు. బకెట్టు చేతిలో అట్లానే ఉంది. ఆమె అలవాటు కొద్దీ ఒక పక్కకు వంగింది, ఇంకో పక్కకు వంగింది. మళ్ళీ నిటారుగా నిలబడింది.

“ఏమయ్యా, దీని ముందట ఎవ్వరు లేరేంది?”

“ఎవ్వరు లేరు” అన్నాడు జంగయ్య.

“హీరోయిన్ గిట్ల వస్తదా?”

“రాదు.”

రాజమ్మ బకెట్టు నేల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, తీరిగ్గా చూసింది. చాలాసేపు చూసింది. “ఇంత పెద్దగున్నదా నీ పని” అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. జంగయ్య కుంచె చేతులు మార్చుకున్నాడు.

తరవాత అతను బకెట్టు తీసుకున్నాడు. అమ్మాజీ గారు అడ్డుపడబోయారు. కానీ అతను గదివైపు పోలేదు. కుంచె సున్నంలో ముంచి, ఒకసారి వెనక్కి, ఒకసారి పక్కకు జరిగి చూసుకుని, గేటు ముందు బండ మీద తెల్లగా ఒక గీత గీశాడు.

“ఈడ నిలవడాలె” అన్నాడు.

ఆ తరవాతి ఆదివారం గది లోపల ఎవరికీ టీ ఇవ్వలేదు. బల్లలు రోడ్డు మీద వేశారు. కృష్ణానగర్ నుంచి కూడా జనం వచ్చి, గీత వెనక వరసలు కట్టి, గుసగుసలాడుతూ చూశారు. లక్ష్మీకాంతమ్మ గారు మాత్రం, మేస్త్రీ ఏమన్నాడో కనుక్కుందామని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నేరుగా గదిలోకి నడవబోయారు.

ఆ రోజు రొట్టెల బేరం మానుకుని వచ్చిన రాజమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

“ఓ అమ్మా, జర ఆగుండ్రి. గీత దాటొద్దు. మా ఆయన చెప్పిండు.”