షికారుకెళ్ళే నీళ్ళు

రోజూ మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఎనిడ్ పెరట్లోని ఈతకొలను నీళ్ళు షికారుకు బయల్దేరేవి. గట్టెక్కి, కంచె కింద సందులోంచి దూరి, వీధిలో పడి, పక్కింటి వెర్న్ టమాటా మొక్కల్ని పలకరించి, పొద్దుగూకేలోగా బుద్ధిగా తిరిగొచ్చి కొలనులో పడుకునేవి. ఆస్ట్రేలియాలోని ఇప్స్‌విచ్‌లో ఆ వీధివాళ్ళకి అది మామూలే. ఆ వేళకి కార్లు కాస్త ఆగి దారిచ్చేవి. మొగుడు రెజ్ పోయాక, ఎనిడ్ టీ కప్పుతో వరండాలో కూర్చుని ఆ నీళ్ళ కోసమే ఎదురుచూసేది. ఇంటికి తిరిగొచ్చేవి అవే మరి.

ఆ వేసవిలో ఆమె కూతురు మత్తు అలవాటు మానుకోవడానికి ఆసుపత్రిలో చేరింది. మూడేళ్ళ మనవరాలు పిప్పాని సంక్షేమశాఖవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళింట్లో పెట్టారు. పిల్లను తనకిమ్మని ఎనిడ్ దరఖాస్తు పెడితే, సంక్షేమశాఖ అమ్మాయి లెయిలానీ వచ్చి ఇల్లంతా చూసి, కొలను దగ్గర ఆగింది.

"పసిపిల్ల నీళ్ళలో పడకుండా కంచె సరిగ్గా ఉందని తనిఖీ సర్టిఫికెట్ కావాలి ఎనిడ్ గారూ. శుక్రవారం పాప సంగతి తేల్చే మీటింగు. అప్పటికి లేకపోతే పాపని టౌన్స్‌విల్‌లో ఇంకో ఇంటికి పంపించేస్తారు. నా చేతుల్లో ఉండదు."

టౌన్స్‌విల్ అంటే రెండ్రోజుల ప్రయాణం. ఎనిడ్ నడుం బిగించింది. పిల్లలు ఎక్కడానికి ఆసరా అయ్యేవేవీ కంచె దగ్గర ఉండకూడదంటే పూలకుండీలు ఈడ్చేసింది, ఊచలకు అల్లుకున్న తీగను మొదలంటా కోసేసింది. వెర్న్ గేటుకి కొత్త స్ప్రింగు వేశాడు.

"బొటనవేలంత తెరిచి వదిలినా దానంతటదే మూసుకుని గడియ పడాలట. మా ఆవిడ నోరు కూడా ఇలా మూసుకుంటే ఎంత బాగుణ్ణు!"

"ముందు నీ నోటికి వేయించుకో స్ప్రింగు," అంది ఎనిడ్.

అన్నీ కుదిరాయి, కంచె కింద సందు తప్ప. ఏళ్ళ తరబడి నీళ్ళు నడిచి నడిచి అక్కడ నేల కోసుకుపోయింది. సోమవారం సిమెంటు పోస్తే నాలుగింటికి కొట్టుకుపోయింది. మంగళవారం ఇటుకలు పేరిస్తే అవీ అంతే. నీళ్ళ తప్పేం లేదు, పల్లం ఎటుంటే అటే పోతాయి.

బుధవారం పొద్దున తనిఖీ చేసే హామిష్ వచ్చాడు. అన్నీ కొలిచి బాగున్నాయన్నాడు. చివర్న నేల మీద బోర్లా పడుకుని, సందులో టేపు పెట్టాడు.

"పద్నాలుగు సెంటీమీటర్లుందమ్మా. పది దాటకూడదు. పిల్ల ఇలాగే పడుకుని దూరిపోతుంది."

"సిమెంటు గట్టిపడేదాకా నీళ్ళు ఆగవు నాయనా."

హామిష్ మోకాళ్ళు దులుపుకున్నాడు. "రేపు సాయంత్రం ఇటే వెళ్తాను. మళ్ళీ చూస్తా. నీళ్ళకి ఓసారి చెప్పి చూడండి."

అతను వెళ్ళాక ఎనిడ్ గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

"మా పిప్పాకి చీకటంటే భయం," అంది. "దీపం ఆర్పితే ఏడుస్తుంది. ఆ సంగతి అక్కడెవరికీ తెలీదు."

నీళ్ళు ఆమె పాదాలు వదిలి లేచాయి. అప్పటికింకా పన్నెండు కూడా కాలేదు. గట్టెక్కి, సందులోంచి దూరి, వీధి దిగువకి సాగిపోయాయి. రోజూ కొలను అడుగున కాస్త మిగిలేది. ఆ రోజు ఆ కాస్త కూడా వెళ్ళిపోయింది, పలకలు పొడిగా తెల్లబడ్డాయి.

వెర్న్ సిమెంటు తొట్టితో వచ్చి, ఎండిన కొలను చూసి, టోపీ తీశాడు.

"కలపనా?"

ఎనిడ్ వీధి చివరిదాకా చూసింది. ఇప్పుడు సందు మూసేస్తే వాటికిక తిరిగొచ్చే దారుండదు. కళ్ళొత్తుకుంది.

"కలుపు," అంది.

తాపీ తనే పట్టుకుని సందు పూడ్చింది. ఆ సాయంత్రం నీళ్ళు రాలేదు. మర్నాడు నాలుగింటికి వీధిలో కార్లు అలవాటుగా ఆగి, కాసేపు చూసి, కదిలిపోయాయి. హామిష్ వచ్చి గట్టిపడ్డ సిమెంటుని బూటుతో తన్ని చూశాడు, గేటు వదిలి గడియ చప్పుడు విన్నాడు. వట్టి కొలను వంక చూసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

శనివారం లెయిలానీ కారులోంచి పిప్పా దిగింది, చేతిలో ఒంటి చెవి బొమ్మకుందేలు. మూడు రాత్రులు దీపం వెలుగుతూనే ఉంది. నాలుగో రోజుకి ఎనిడ్ పంపుతో కొలను నింపింది. నాలుగైంది, ఐదైంది. ఈ కొత్త నీళ్ళు ఎటూ కదల్లేదు.

పిప్పా గేటు ఊచలు పట్టుకుని బలమంతా పెట్టి ఊపింది. గేటు చలించలేదు.

"తీయవా అమ్మమ్మా!"

ఎనిడ్ గడియ తీసి, పిల్లను చంకనేసుకుని కొలను మెట్లు దిగింది. చేతుల మీద బోర్లా పడుకోబెట్టి, "కాళ్ళాడించు," అంది. పిప్పా ఆడించిన ఆడింపుకి నీళ్ళన్నీ అమ్మమ్మ మొహాన పడ్డాయి. ఎనిడ్ ఉక్కిరిబిక్కిరై దగ్గి, తెరిపిన పడి, పక్కింటిదాకా వినపడేలా నవ్వింది.